ఆ తల్లికి ఎవరు చెప్పాలి?

న్యాయశాస్త్రం చదువుతున్న మా బస్తీ అమ్మాయి ఒకామె చదువులో భాగంగా వారం రోజులు స్థానిక మేజిస్ట్రేటు కోర్టులో కూర్చుని, చూసినదంతా నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ పుస్తకాన్ని మేము చదివాము. అందులో ఎవరిపైనా ఆరోపణ లేదు. ఉన్నది ఉన్నట్టు రాసింది. మమ్మల్ని కలవరపెట్టింది అదే.

రిమాండు పొడిగింపునకు తెచ్చిన ఒక యువకుడిని "వకీలు ఉన్నాడా?" అని అడిగారు. లేడన్నాడు. మరో వాయిదా వేశారు. రెండు నిమిషాలైనా పట్టలేదు. ఉర్దూ తప్ప మరో భాష రాని అతని తల్లి వరండాలో కనిపించిన ప్రతివారినీ ఏమైందని అడిగింది. లోపలినుంచి ఆమెకు వినిపించిన ఒకే ఒక్క మాట 'ముద్దాయి'. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. మన తెలుగు కోర్టులో నేరం మోపబడినవాడు. ఫిర్యాదు తన కొడుకుదే కాబోలు, మేలే జరుగుతుంది కాబోలు అని ఆ తల్లి ఆశపడింది.

వకీలు, వకాల్తా, జామీను, వాయిదా, దావా - కోర్టు మాటలెన్నో మన ఇళ్ల భాషనుంచి వెళ్లినవే. అక్కడ జరిగేది మాత్రం మన తల్లులకు అర్థం కాదు.

వకీలు లేడన్న జవాబుతో కోర్టు బాధ్యత తీరిపోతుందా? తీరదు, అక్కడే మొదలవుతుంది. ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉందని నిందితుడికి చెప్పడం మేజిస్ట్రేటు విధి అని 1980లోనే ఖత్రీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ, ప్రతి స్త్రీకీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సహాయం అందాలి.

నోటుపుస్తకంలో మరో సంగతి ఉంది. ఒకతనికి జామీను మంజూరై వారాలు గడిచినా, పూచీకత్తు ఇచ్చేవారు లేక జైల్లోనే ఉన్నాడు. పేదవాడిని స్వంత పూచీపై విడుదల చేయవచ్చని 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. జామీను వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని 2023లో మళ్లీ ఆదేశించింది. ఆ ఏడో రోజును లెక్కపెట్టేవారు ఎవరు?

"చట్టం అందరికీ ఒక్కటే, మీవారి మాటే ఎందుకు?" అంటారు కొందరు. మేము ప్రత్యేక చట్టం అడగడం లేదు. ఉన్న చట్టం మా వాకిలిదాకా రావాలంటున్నాము. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించాయి. ఆ గుర్తింపు కార్యాలయాల నామఫలకాలకే పరిమితమా? ఉర్దూ తెలిసిన పారా లీగల్ వాలంటీరును ప్రతి కోర్టు ఆవరణలో కూర్చోబెట్టడం అంత అసాధ్యమా?

అయితే వేలు ప్రభుత్వంవైపే చూపి ఊరుకోలేము. కేసు పడిన ఇంటికి మనమెందుకు దూరంగా జరుగుతున్నాము? వలీమా విందుకు లక్షలు ఖర్చుచేసే పెద్దలు, ఒక పేదవాడి పూచీకత్తుకు పట్టాదారు పాసుపుస్తకం ఇవ్వడానికి ఎందుకు జంకుతున్నారు? నేరం రుజువు కాకముందే మన బిడ్డను మనమే దోషిని చేయడం ఏ న్యాయం? సొంతవారికి వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన నిలవమని సూరా అన్-నిసా ఆదేశిస్తోంది. తప్పు చేసినవాడిని కాపాడమని మేము అనడం లేదు. అతనికీ విచారణ న్యాయంగా జరగాలంటున్నాము.

ప్రభుత్వ దస్త్రాల మధ్య జీవితం గడిపిన మాకు తెలిసిన సత్యం ఒక్కటే: అడిగేవాడు లేని కాగితం కదలదు. ప్రతి మసీదు కమిటీ ఇద్దరిని ఎంపిక చేయాలి. వారిలో ఒకరు స్త్రీ కావాలి. వారు వాయిదా రోజున కోర్టుకు వెళ్లాలి. న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు రాసిపెట్టాలి. 15100 నంబరుకు ఫోను చేయించాలి. కోర్టు తలుపులు ప్రజలందరికీ తెరిచే ఉంటాయి. లోపల కూర్చోవడానికి ఎవరి దయా అక్కరలేదు. ఒక విద్యార్థిని వారం రోజులు కూర్చోగలిగినప్పుడు, ఇంతమంది పెద్దలం నెలకొక్క పూట కూర్చోలేమా?