పన్నెండు బొమ్మలూ, నాలుగు నెలల తర్వాత వచ్చిన కోపమూ

ప్రవక్త కార్టూన్ల గొడవ ఎప్పుడు లేచినా రెండే రెండు డైలాగులు వినపడతాయి. ఒకటి "భావప్రకటనా స్వేచ్ఛ". రెండోది "మా మనోభావాలు దెబ్బతిన్నాయి". ఎవరి డైలాగు వాళ్ళు చెప్పేసి ఇళ్ళకి పోతారు. అసలేం జరిగిందో తేదీలు పక్కన పెట్టుకుని చూసేవాడే కనపడడు. నాకు ఉద్యోగం వల్ల అంటుకున్న జబ్బొకటి ఉంది.. ఏదైనా కూలిపోయిందంటే ముందు లాగ్ ఫైలు తెరిచి ఏది ఎప్పుడు జరిగిందో చూస్తాను. డెన్మార్క్ గొడవ జరిగేనాటికి నేను మూడో తరగతి, కాబట్టి నాకు తెలిసిందంతా తర్వాత చదివిందే. ఆ లాగ్ ఒకసారి మీరూ చూడండి.

2005 సెప్టెంబర్ 30. ప్రవక్త జీవితం మీద పిల్లల పుస్తకం రాస్తున్న ఒకాయనకి బొమ్మలు వేసేవాడు దొరకలేదన్న వార్త పట్టుకుని, యూలాండ్స్-పోస్టెన్ అనే డెన్మార్క్ పత్రిక 12 కార్టూన్లు వేసింది. అందరికీ గుర్తున్నది తలపాగాలో బాంబు ఉన్న బొమ్మ ఒక్కటే. మిగతావాటిలో ఒకదాంట్లో అసలు ప్రవక్తే లేడు. మొహమ్మద్ అనే బడిపిల్లాడు నల్లబల్ల మీద "ఈ పత్రికవాళ్ళు ఒట్టి రెచ్చగొట్టే బాపతు" అన్న అర్థం వచ్చేలా పార్సీలో రాసి చూపిస్తుంటాడు. అంటే కార్టూనిస్టు తనకి పని ఇచ్చిన పత్రికనే వెక్కిరించాడన్నమాట. ఈ బొమ్మ గురించి ఊరేగింపుల్లో ఎవరైనా మాట్లాడారేమో వెతికాను, నాకైతే దొరకలేదు.

2005 అక్టోబర్ 17. ఈజిప్టులో అల్ ఫజ్ర్ అనే పత్రిక ఆ కార్టూన్లలో కొన్నింటిని, ఖండిస్తూనే, అచ్చేసింది. ఊరు కైరో. నెల రంజాన్. ఏం తగలబడింది? ఏమీ తగలబడలేదు. ఈ ఒక్క ఎంట్రీ దగ్గర కాసేపు ఆగండి. ఆ బొమ్మలు చూడగానే ముస్లింలకి రక్తం మరిగిపోతుందన్నది నిజమైతే మరగాల్సింది ఆరోజు, అక్కడ.

2005 డిసెంబర్. డెన్మార్క్ లోని కొందరు ఇమాములు 43 పేజీల ఫైలొకటి తయారుచేసి ఈజిప్టు, లెబనాన్ తిరిగారు. అందులో పత్రికలో ఎన్నడూ రాని మూడు బొమ్మలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి ఫ్రాన్స్ లో ఏదో పల్లెటూళ్ళో పంది అరుపుల పోటీలో ముట్టె తగిలించుకుని నిలబడ్డ మనిషి ఫోటో! దానికీ ప్రవక్తకీ ఏ సంబంధమూ లేదు. ఆ మూడూ డెన్మార్క్ ముస్లింలని అవమానించడానికి ఎవరో పంపినవని వాళ్ళ సమాధానం. అయ్యుండొచ్చు. కానీ చేతులు మారేకొద్దీ ఏది పత్రికలో వచ్చిందో ఏది రాలేదో చెప్పేవాడెవడు?

2006 ఫిబ్రవరి 4. డమాస్కస్ లో డెన్మార్క్, నార్వే దౌత్య కార్యాలయాలకి నిప్పు. మర్నాడు బీరూట్. ఆ నెలలోనే లిబియా, నైజీరియా, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్లలో జనం చచ్చిపోయారు. డెన్మార్క్ లో వేసిన బొమ్మకి నైజీరియాలో చర్చిలు తగలబడ్డాయి.

నాలుగు నెలలు! నిప్పు మీద చెయ్యి పడితే వెంటనే లాక్కుంటాం, నాలుగు నెలలు ఆలోచించి లాక్కోం. అది దానంతట అది కలిగిన బాధ కాదు, ఎవరో మోసుకెళ్ళి పంచిపెట్టిన బాధ. బొమ్మ చూసి నిజంగా నొచ్చుకున్నవాళ్ళు లేరనను, కోట్లమంది ఉంటారు. వాళ్ళలో నూటికి తొంభైతొమ్మిది మంది నొచ్చుకుని పనిలో పడతారు. మనం భయపడేదీ, చట్టాలు రాసేదీ మిగిలిన ఆ ఒక్కడి కోసం.

ఇది చదివి చంకలు గుద్దుకుంటున్న మిత్రులకి కూడా ఒక మాట. ఆ డెన్మార్క్ పత్రికేమీ స్వేచ్ఛకి గుడి కాదు. 2003లో ఏసుక్రీస్తు మీద కార్టూన్లు పంపితే పాఠకులు బాధపడతారని తిప్పి పంపింది ఆ పత్రికే. ఇక మన దగ్గర.. డెన్మార్క్ కార్టూనిస్టుకి జేజేలు కొట్టిన నోళ్ళే ఎం.ఎఫ్. హుస్సేన్ దగ్గరకొచ్చేసరికి కేసులు పెట్టమన్నాయి. ఆయన 2006లో దేశం వదిలి, 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకుని, 2011లో లండన్లో పోయాడు. దేవత మారగానే స్వేచ్ఛ మారిపోతే అది స్వేచ్ఛ కాదు, కబడ్డీ.

అవతలివైపు చూస్తారా? 2006లో ఉత్తరప్రదేశ్ మంత్రిగా ఉన్న యాకూబ్ ఖురేషీ, కార్టూనిస్టు తల తెచ్చినవాడికి 51 కోట్లు ఇస్తానని మీరట్లో ప్రకటించాడు. మంత్రండీ బాబూ, రాజ్యాంగం మీద ప్రమాణం చేసినవాడు. 2007 ఆగస్టు 9న మన హైదరాబాద్ ప్రెస్ క్లబ్బులో, తన పుస్తకం తెలుగు అనువాదం విడుదలకి వచ్చిన తస్లీమా నస్రీన్ మీద మజ్లిస్ ఎమ్మెల్యేలు, కార్యకర్తలు దాడి చేశారు. తర్వాత ఆవిడ మీద కూడా కేసు పెట్టారు! దెబ్బలు తిన్నామె మీద, ద్వేషాన్ని రెచ్చగొట్టిందని.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. లాహోర్లో ప్రవక్త మీద ఒక కరపత్రం అచ్చేసిన రాజ్‌పాల్ అనే ప్రచురణకర్తని 1927లో హైకోర్టు వదిలేసింది, శిక్షించడానికి సెక్షన్ లేదని. గొడవ చల్లారడానికి బ్రిటిష్ వాళ్ళు అదే ఏడాది 295ఎ తెచ్చారు. 1929లో రాజ్‌పాల్ని పొడిచి చంపేశారు. అంటే గొడవ చల్లార్చడానికి పుట్టిన సెక్షన్ తను పుట్టడానికి కారణమైన మనిషి ప్రాణమే కాపాడలేకపోయింది. అయినా వందేళ్ళుగా మోస్తూనే ఉన్నాం. పాత శిక్షాస్మృతి మొత్తం తిరగరాశామని చెప్పుకున్నారు కదా, 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్తదాంట్లో 299 చూడండి. నంబరు మారింది, సరుకు అదే.

దీనికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో చూస్తే కడుపు మండిపోతుంది. కార్టూన్లు కొన్ని అచ్చేసి "మనకి ఎక్కువ చెడ్డపేరు తెచ్చేది ఈ బొమ్మలా, మన పేరుతో జరిగే హత్యలా" అన్న అర్థంలో రాసిన జోర్డాన్ సంపాదకుడు జిహాద్ మొమానీ ఉద్యోగం పోయింది, జైలు శిక్ష పడింది. 2015లో షార్లీ ఎబ్డో ముఖచిత్రం వేసిన ఉర్దూ సంపాదకురాలు షిరీన్ దాల్వీని అరెస్టు చేశారు, పత్రిక ముంబై ఎడిషన్ మూతపడింది. క్షమాపణ చెప్పినా సరే. షార్లీ ఎబ్డో దాడిలో చనిపోయిన 12 మందిలో కానిస్టేబుల్ అహ్మద్ మెరాబె ముస్లిమే.

ఆ దాడి జరిగినప్పుడు నేను ఇంజనీరింగ్ ఫస్టియర్. మా హాస్టల్ ఫ్లోరులో ఉన్న ఒకే ఒక్క ముస్లిం కుర్రాణ్ణి పట్టుకుని "ఏంట్రా మీవాళ్ళు" అని వారం రోజులు వాయించారు. వాడికి ఆ పత్రిక పేరు పలకడం రాదు (మాకూ రాదనుకోండి). ఆ శుక్రవారం మసీదు దగ్గర ఇంకెవరో "ప్రవక్తని అంటే నీకు కోపం రాదా" అని నిలదీశారట. వాడు బొమ్మ చూడనే లేదు. నిలదీసినవాళ్ళలో ఎంతమంది చూశారో వాడికీ తెలీదు.

299ని ఎత్తేసే ధైర్యం ఏ పార్టీకీ లేదు, అందరికీ దాంతో పనుంది. కనీసం ఒకటి చెయ్యొచ్చు. ఫిర్యాదు పట్టుకుని స్టేషన్ కి వచ్చినవాణ్ణి, ఎఫ్ఐఆర్ రాసే ముందు ఎస్సై గారు ఒక ప్రశ్న అడగాలి: "నువ్వు ఆ బొమ్మ ఎక్కడ చూశావు, ఏ తేదీన చూశావు, నీకు ఎవరు పంపారు?" ఆ మూడూ ఎఫ్ఐఆర్ లోనే రాయాలి.