వియ్యం ఎవరిది, కట్నం ఎవరిది?

స్టాక్‌హోంలో ఉంటున్న మా అక్క కూతురు 2024 నవంబరులో ఫోన్ చేసింది. "పిన్నీ, ఇంటికో పుస్తకం పంపించారు. యుద్ధమొస్తే నీళ్ళెట్లా దాచుకోవాలో, ఏం తిండి నిలవ పెట్టుకోవాలో అన్నీ రాశారు" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు వెనక బెరుకు నాకు వినపడింది. యాభై లక్షలకు పైగా ఇళ్ళకి ఆ పుస్తకం పంపింది స్వీడన్ ప్రభుత్వం. ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని, స్వీడన్ గురించి ఏళ్ళ తరబడి చెప్పిన నా పాఠం నోట్సు తీసి చదువుకోవడం. చదువుతుంటే సిగ్గేసింది.

2014 అక్టోబరులో స్వీడన్ తమది స్త్రీవాద విదేశాంగ విధానమని ప్రకటించింది. ప్రపంచంలో ఆ మాట అన్న మొదటి దేశం అదే. హక్కులు, ప్రాతినిధ్యం, వనరులు అని బోర్డు మీద రాసి గంటసేపు చెప్పేదాన్ని. 2015లో విదేశాంగమంత్రి మార్గోట్ వాల్‌స్ట్రోం సౌదీలో స్త్రీల స్థితిని విమర్శించడం, ఆ గొడవల్లోనే సౌదీతో ఉన్న సైనిక సహకార ఒప్పందాన్ని స్వీడన్ పొడిగించకపోవడం చెప్పి, "చూశారా, స్త్రీవాదం ఆయుధాల బేరాన్ని కూడా ఆపగలదు" అనేదాన్ని. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మనకి బోఫోర్స్ ఫిరంగులమ్మింది కూడా వాళ్ళే కదా మేడమ్?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి దాటేశాను. అలా దాటేసినందుకు ఇప్పుడీ సంజాయిషీ.

స్వీడన్ తటస్థత ఎప్పుడూ మచ్చలేనిది కాదు. 1814 తర్వాత యుద్ధం చెయ్యలేదని చెప్పుకునే దేశం 1986లో మనకి 410 ఫిరంగులమ్మింది. 1994లో నాటోతో 'శాంతి కోసం భాగస్వామ్యం'లో చేరింది. ఆ భాగస్వామ్యం పేరు మీదే స్వీడిష్ సైనికులు అఫ్ఘానిస్తాన్ వెళ్ళారు. 2011లో స్వీడిష్ విమానాలు లిబియా మీద ఎగిరాయి. అఫ్ఘాన్ స్త్రీలని విముక్తి చేస్తున్నామని ఇరవై ఏళ్ళు చెప్పి, 2021లో వాళ్ళని తాలిబన్లకి వదిలేసి వచ్చిన సైన్యాల్లో వీళ్ళూ భాగమే. కాబట్టి 2022లో స్వీడన్ హఠాత్తుగా గడప దాటిందనుకోకూడదు. ముప్ఫై ఏళ్ళుగా ఒక కాలు లోపలే ఉంది.

ఆ రెండో కాలు ఎలా పెట్టిందో చూడండి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసింది. స్వీడన్‌కి అప్పుడు ప్రధాని ఒక స్త్రీ, మాగ్దలీనా ఆండర్సన్. ఆ దేశానికి మొదటి మహిళా ప్రధాని. ఇప్పుడు నాటోకి దరఖాస్తు పెడితే ఈ ప్రాంతంలో అస్థిరత ఇంకా పెరుగుతుందని ఆమె అన్నది మార్చి 8న. అవును, మన మార్చి 8నే! రెండు నెలలు దాటగానే, మే 18న, దరఖాస్తు చేరిపోయింది. ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. ఆమె పార్టీ మహిళా సమాఖ్య వద్దంది. వినలేదు.

ఇక అసలు బేరం. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ కావాలంటారు. ఇక్కడ వియ్యంకుడు టర్కీ. 2021లో స్త్రీలపై హింసని అరికట్టే ఇస్తాంబుల్ ఒప్పందం నుంచి, తన నగరం పేరున్న ఒప్పందం నుంచి, బయటికొచ్చిన దేశం. ఆ టర్కీ సంతకం కోసం 2022 జూన్ 28న మాడ్రిడ్‌లో స్వీడన్ ఒక పత్రం రాసిచ్చింది. సిరియాలోని కుర్దుల పార్టీకి, దాని సాయుధ దళానికి ఇక మద్దతివ్వమని. ఐసిస్‌తో కొబానీలో వీధి వీధినా పోరాడిన కుర్దు స్త్రీల దళాలు అందులోవే. అప్పటిదాకా మన సభల్లో ఎన్ని పోస్టర్ల మీద పెట్టుకున్నాం ఆ అమ్మాయిల మొహాలు!

ఆ సంతకం నాటికి స్త్రీవాద విదేశాంగ విధానం రద్దు కాలేదు. మితవాదులు అధికారంలోకొచ్చి దాన్ని తీసేసింది అక్టోబరులో. కుర్దు స్త్రీలని అమ్మేసింది మాత్రం స్త్రీవాద ప్రభుత్వమే. ఇది నేను మింగలేకపోతున్న నిజం.

ఇంకొకటుంది. 2021 నవంబరులో ఆండర్సన్ ప్రధాని కాగలిగింది ఒకే ఒక్క సభ్యురాలి వల్ల. ఆమె అమీనే కకబావే, ఇరాన్ నుంచి శరణార్థిగా వచ్చిన కుర్దు స్త్రీ. సిరియా కుర్దు పోరాటకారుల్ని తీవ్రవాదులనడం ఒప్పుకోమని పార్టీ చేత రాయించుకుని ఆమె తటస్థంగా ఉంది. ఏడు నెలలు తిరగలేదు, ఆ కాగితం చిత్తయిపోయింది. 2019లో టర్కీకి ఆపిన ఆయుధాల ఎగుమతి 2022 సెప్టెంబరులో మొదలైంది. డిసెంబరులో ఆశ్రయం దొరకని ఒక కుర్దుని టర్కీకి అప్పగించారు. 2024 మార్చి 7న స్వీడన్ నాటోలో 32వ సభ్యదేశమైంది. వియ్యం స్వీడన్ ప్రభుత్వానిది. కట్నం కుర్దు స్త్రీలది. పెళ్ళిళ్ళ బేరాల్లో ఆడపిల్లని అడగనట్టే ఇక్కడా వాళ్ళని ఎవరూ అడగలేదు.

మీలో కొందరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. బుచాలో శవాలు చూశాక కూడా శాంతి పాఠాలేనా? సరైన ప్రశ్నే. 2022లో ఉక్రెయిన్ స్త్రీవాదులు బయటి స్త్రీవాదుల్ని ఇలాగే నిలదీశారు, ప్రతిఘటించే హక్కు మాకుందని. వాళ్ళకి పాఠం చెప్పే అర్హత నాకు లేదు. ఇంటిమీద పడ్డవాడిని ఎదిరించే స్త్రీ చేతిలో ఆయుధం పెట్టడం తప్పనను. పుతిన్ పక్కన ఇల్లున్నవాళ్ళ భయం ఉత్త భయమనీ అనను. కానీ కొబానీ స్త్రీలు చేసిందీ అదే కదా? ఒకరి ప్రతిఘటన హక్కు పేరుతో ఇంకొకరి ప్రతిఘటనని తాకట్టు పెట్టే కూటమిని రక్షణ అని ఎలా పిలవను? మొగుడి చేతిలో దెబ్బలు తింటున్నదానికి బావమరిది బలం చూపించి ఇదే నీ భద్రత అంటే మనం ఒప్పుకున్నామా?

వేరే దారి లేదన్నది కూడా నేను నమ్మను. 1950ల్లో స్వీడన్ సొంత అణుబాంబు చేసుకోవాలని చూసింది. అప్పుడూ పక్కన రష్యా ఉంది, అప్పుడూ వేరే దారి లేదన్నారు. ఇంగా తోర్సన్ నాయకత్వంలో సోషల్ డెమోక్రటిక్ మహిళా సమాఖ్య సొంత పార్టీకే అడ్డం తిరిగింది. వాళ్ళ వ్యతిరేకత ఆ బాంబు ఆగిపోవడానికి ఒక ముఖ్య కారణం. ఆల్వా మిర్డాల్‌కి 1982లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది నిరాయుధీకరణ కోసం చేసిన కృషికే. ఆ దేశంలోనే 2024 జూన్‌లో పార్లమెంటు అమెరికాకి 17 సైనిక స్థావరాలు తెరిచే ఒప్పందాన్ని ఆమోదించింది. అణ్వాయుధాలు తేకూడదన్న నిషేధం అందులో లేదు.

స్త్రీలు ప్రధానులైతే, విదేశాంగమంత్రులైతే చాలదు. రాజ్యం భాషలోకి మన మాటల్ని తీసుకుపోయినవాళ్ళు, ఆ మాటలు అక్కడ దేనికి అక్కరకొస్తున్నాయో కూడా చూడాలి. చూడకపోతే మన పదాలు మనకే ముసుగవుతాయి. నా విషయంలో అయ్యాయి.

వచ్చే టర్ములో ఆ పాఠం మళ్ళీ చెబుతాను. తీసెయ్యను. హక్కులు, ప్రాతినిధ్యం, వనరులు అని రాసి, కింద నాలుగో మాట 'ఎవరి ఖర్చుతో?' అని రాస్తాను. బోఫోర్స్ సంగతి అడిగిన అమ్మాయి ఇప్పుడెక్కడుందో తెలీదు. కానీ పాఠం ఆమె ప్రశ్నతోనే మొదలుపెడతాను.