చేతిలో పని, ఇంట్లో పిలుపు

సంక్రాంతి సెలవుల్లో ఒక మధ్యాహ్నం ములకలపల్లి ఆసుపత్రికి నలభై ఏళ్ళాయన ఎడమచేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. వెనకాలే భార్య, ఆమె చంకలో చంటిపిల్ల. ఆయనకి పాల్వంచలో ఉద్యోగం, ఇక్కడ సొంత ఇల్లు. ఇంటి వసారాలో ఒక బల్ల, గోడకి రంపాలు, ఉలులు, చేత్తో పట్టుకునే కట్టింగ్ మిషను. తీరిక దొరికినప్పుడల్లా కూతురికి టేకు ఉయ్యాల చేస్తున్నాడు. తువ్వాలు విప్పి చూస్తే చూపుడువేలు చివరి కణుపు చర్మం ఆధారంతో వేలాడుతోంది.

ఎలా జరిగిందని అడిగితే ఆయనకంటే ముందు ఆవిడే అందుకుంది. "నావల్లేనండీ డాక్టరుగారూ! గ్యాసు బండ వచ్చింది, డబ్బులివ్వమని కేకేశాను." ఆయన తల తిప్పాడు. మిషను మాత్రం తిరుగుతూనే ఉంది.

ఆవిడ తప్పేమీ లేదు. ఇల్లన్నాక పిలవకుండా ఎలా ఉంటారు? ఇరవై అయిదేళ్ళ సర్వీసులో ఇటువంటి దెబ్బలతో వచ్చినవాళ్ళని, ఆ క్షణంలో ఏం జరిగిందో చెప్పమని అడగడం నాకు అలవాటు. పని చేతకాక దెబ్బ తిన్నవాళ్ళు తక్కువ. ఎవరో పిలిచారు, ఫోను మోగింది, భోజనానికి రమ్మంటున్నారని ఆ ఒక్క ముక్కా కోసేసి లేద్దామనుకున్నాను అని చెప్పేవాళ్ళే ఎక్కువ. ఇంట్లో కుట్టుమిషను మీద రవికలు కుట్టే ఆడవాళ్ళు సూది వేల్లో దిగి వచ్చినా ఇదే కథ.

ఈ అడవి అంచు ఊళ్ళలో బాడిసె పట్టడం చాలామందికి చిన్నప్పటినుంచీ వచ్చు. బాడిసె మన చెయ్యి ఆగితే ఆగుతుంది. కరెంటు మిషను అలా కాదు. స్విచ్చి తీసినా బ్లేడు కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. మన బుర్ర రెండు సంగతుల మీద ఒకేసారి పూర్తిగా నిలవదు. పిలుపు వినగానే ధ్యాస గుమ్మం వైపు పోతుంది, చేతులు మాత్రం అలవాటుకొద్దీ పని సాగిస్తాయి. వేళ్ళు తెగేది ఆ సందులోనే.

కాబట్టి ఇంటిల్లిపాదీ ఒక ఒప్పందానికి రండి. మిషను చప్పుడు వినబడుతుంటే వెనకనుంచి పిలవకూడదు, భుజం తట్టకూడదు. ఎదురుగా, కాస్త దూరంగా, ఆయనకి కనబడేలా నిలబడాలి. పనిచేసేవారు ముందు స్విచ్చి తీసి, బ్లేడు పూర్తిగా ఆగాకే తలెత్తాలి. ఫోను పక్కగదిలో పెట్టాలి. గ్యాసువాడు రెండు నిమిషాలు ఆగితే కొంప మునగదు.

ఇక ఇల్లాలి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. నాకూ ఈ వడ్రంగం పిచ్చి ఉంది. ఒకసారి చెక్కకి పాలిష్ పెడుతూ కూర్చుని మా పెద్దవాడి పరీక్ష ఫీజు ఆఖరి తేదీ మరిచిపోయాను. జరిమానాతో కట్టాం. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. రోజూ అరగంట దొంగతనంగా లాక్కుంటే ఇంట్లోవాళ్ళకి విసుగు, మీకు హడావిడి. ఆదివారం రెండు గంటలు అందరితో చెప్పి తీసుకోండి. ఆ సమయంలో పిల్లల్ని చూసేవారు ఇంకొకరు ఉండాలి. పిల్ల మీ వంతులో ఉన్నప్పుడు కొలతలు వేసుకోండి, గుర్తులు పెట్టుకోండి, మేకులు ఏరుకోండి. ఎప్పుడు పిలిచినా లేవగల పనులివి. మిషను జోలికి మాత్రం వెళ్ళవద్దు. గనిలోనో కరెంటు స్టేషనులోనో నైట్ షిఫ్టు చేసి వచ్చినవారు కూడా నిద్రపోయాకే బల్ల దగ్గరికి వెళ్ళాలి.

పిల్లల విషయంలో నన్ను భయపెట్టేది రంపం కన్నా సీసా. థిన్నరు, టర్పెంటైను, కిరోసిను వంటివాటిని కూల్‌డ్రింకు సీసాల్లో పోసి కింద పెడతారు. పిల్లవాడు ఒక గుక్క తాగితే చాలు. అప్పుడు వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు పట్టించకండి. వాంతితో ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోవడమే అసలు ప్రమాదం. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

వేలు తెగితే పసుపు, కాఫీపొడి, సున్నం అద్దవద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చెయ్యి గుండెకన్నా పైకి ఎత్తి ఉంచండి. పూర్తిగా తెగిపడిన ముక్కని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్ళలో ఉంచి తీసుకురండి. ఐసు నేరుగా తగిలితే ముక్క పాడవుతుంది. చల్లగా భద్రపరిచిన వేలిని 24 గంటలదాకా కూడా అతికించే అవకాశం ఉంటుంది. అలాగే వదిలేస్తే 12 గంటలు దాటాక ఆశ తక్కువ. ధనుర్వాతం టీకా వేసుకుని అయిదేళ్ళు దాటితే ఇటువంటి గాయానికి మళ్ళీ వేయించుకోవాలి.

గ్రైండరు నుంచి లేచిన ఇనుప రజను కంట్లో పడితే నలపకండి, అగ్గిపుల్లతో తీయకండి. కంటి డాక్టరుకి చూపించండి. అద్దాలు పెట్టుకుంటే ఆ బాధే ఉండదు. చెక్కపొడిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. అది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. టేకు, జిట్రేగి పొడి పడక కొందరికి ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి. ముక్కుకి మాస్కు కట్టుకోండి. చొక్కా మార్చి, చేతులు కడుక్కున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి.

మన ఉయ్యాల ఆయనకి కట్టుకట్టి, ఇంజక్షనిచ్చి ఆ రోజే ఖమ్మం పంపించాను. వేలు దక్కింది, చివరి కణుపు మాత్రం వంగదు. మొన్న చూపించుకోవడానికి ఇద్దరూ వచ్చారు. "ఉయ్యాల అయ్యేసరికి ఇది నడిచేటట్టుందండీ" అని ఆవిడ నవ్వింది. పిల్ల అప్పటికే నా గదిలో నేలమీద పాకుతోంది. ఉయ్యాల సంగతి తర్వాత, ముందు ఆ వసారాకి తడిక కట్టమని చెప్పి పంపాను.