తేడా నిజంగా తేడాయేనా?

ఒక తరగతికి సగటున 52 మార్కులు, మరొక తరగతికి 56 మార్కులు వచ్చినవనుకొందాం. ఈ నాలుగు మార్కుల వ్యత్యాసం బోధనా పద్ధతి ఫలితమా, లేక కేవలం యాదృచ్ఛికమా? విద్యాశాస్త్రంలో పరిశోధన పట్టా కోరేవారు సాధారణంగా ఈ ప్రశ్నను ‘టి-పరీక్ష’కు అప్పగిస్తారు. ఆ పరీక్ష పుట్టింది బడిలో కాదు. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో ఉద్యోగి అయిన విలియం గాసెట్ దానిని 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రకటించాడు. మద్యం వ్యాపారం వల్ల చదువులకు కలిగిన మేలు బహుశా ఇదొక్కటే కాబోలు!

నూటికి అయిదు అనే హద్దును ప్రచారంలోకి తెచ్చింది 1925 నాటి ఫిషర్ గ్రంథం. అసలు తేడాయే లేనప్పుడు కూడా ఇంత తేడా, లేదా ఇంతకు మించినది, అదృష్టవశాత్తు కనబడే అవకాశం నూటికి అయిదుకు లోపు ఉంటే ఆ ఫలితాన్ని ‘సార్థకం’ అంటారు. తేడా పెద్దదని గాని, ముఖ్యమైనదని గాని దీని అర్థం కాదు. ఈ సంగతిని అమెరికా గణాంక శాస్త్రవేత్తల సంఘం 2016లో ప్రత్యేక ప్రకటనగా చెప్పవలసి వచ్చింది.

ఇంతకంటె లోతైన చిక్కు మరొకటి ఉన్నది. ఎవరో రతన్‌పూర్‌లో రెండు బడులను ఎన్నుకొని, ఒక్కొక్క బడిలో నలభైమందిని పరీక్షించారనుకోండి. లెక్కలో ఎనభైమంది కనబడతారు. కాని ఒక్క ఉపాధ్యాయుడు నెలరోజులు సెలవు పెడితే నలభైమంది మార్కులూ ఒక్కసారే దిగుతాయి. నిజానికి అక్కడ ఉన్నవి రెండే బడులు. పిల్లలందరూ పరస్పర సంబంధం లేనివారన్నట్లు టి-పరీక్ష జరిపితే, లేని సార్థకత ప్రత్యక్షమవుతుంది.

దీనికి విరుగుడు మన ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. 2005లో ప్రారంభమైన ప్రయోగంలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు 500 తీసుకొని, ఏ బడికి ఏ పథకమో లాటరీ ద్వారా నిర్ణయించారు. కొన్ని బడులలో పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చారు. అది సగటున వార్షిక వేతనంలో నూటికి మూడు వంతులు మాత్రమే. ఫలితాలను లెక్కించేటప్పుడు ఒకే బడి పిల్లల పరస్పర సంబంధాన్ని కూడా పరిగణించారు. రెండేళ్లకు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మెరుగుదల కనిపించింది. గణితం విషయంలో దీనిని ఇలా చెప్పవచ్చు: నూరుమందిలో యాభైమంది కంటె ముందున్న పిల్లవాడు సుమారు అరవైమంది కంటె ముందుకు వచ్చాడు. విచిత్రమేమంటే, ఉపాధ్యాయుల గైరుహాజరు మాత్రం తగ్గలేదు. వచ్చినప్పుడు మరింత శ్రద్ధగా చెప్పారు, అంతే.

ఫీజుల భారం మోసే తల్లిదండ్రులకు మరింత ఆసక్తికరమైనది 2008లో మొదలైన రెండవ ప్రయోగం. ప్రైవేటు బడుల పిల్లల మార్కులను ప్రభుత్వ బడుల పిల్లల మార్కులతో పోల్చి టి-పరీక్ష చేస్తే ప్రైవేటు బడులదే ఘనవిజయం. కాని ఆ పిల్లల ఇళ్లూ, తల్లిదండ్రుల చదువూ మొదటే వేరు. అందుచేత 180 గ్రామాలలో ఆసక్తి చూపిన కుటుంబాలకు లాటరీ వేసి, గెలిచినవారి ఫీజు చెల్లించారు. నాలుగేళ్ల తరువాత తెలుగులోను, గణితంలోను లాటరీ గెలిచినవారికీ, ఓడినవారికీ తేడా లేదు. ప్రభుత్వ బడులు ఆ తరగతులలో బోధించని హిందీలో మాత్రం గెలిచినవారు చాలా ముందున్నారు.

అయితే ప్రైవేటు బడులు దండుగ అని తీర్మానించడం కూడా తొందరపాటే. 2015లో ప్రకటించిన ఈ పరిశోధన ప్రకారం అవి తెలుగుకూ, గణితానికీ తక్కువ గంటలు కేటాయించి అవే మార్కులు సాధించాయి. ఒక్కొక్క పిల్లవానిపై వాటికయిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడవ వంతు కంటె తక్కువ.