సర్కారు సైజు కాదు, అది ఎవరి బండి ఎక్కిందో చూడండి



"చమురు అమ్ముకునే దేశాల్లో ప్రభుత్వం పెద్దదైతే అవినీతి పెరుగుతుంది, పర్యావరణం పాడవుతుంది, సర్కారు చిన్నగా ఉంటేనే మంచిది." డిగ్రీకొచ్చాక ఈ మాట చాలాసార్లు విన్నా. నేను ఒప్పుకోను.

నైజీరియానే తీసుకోండి. నైజర్ డెల్టాలో 1956లో షెల్ కంపెనీకి చమురు దొరికింది. అక్కడ ఒగోనీలని ఒక చిన్న జాతి, చేపలు పట్టుకుని, పొలం చేసుకుని బతికేవాళ్లు. 1969 చట్టంతో భూమి కింది చమురంతా కేంద్రానిదైపోయింది. మరి ఆ సర్కారు పెద్దదా? దేశ ఆదాయంతో పోల్చితే దాని ఖర్చు ప్రపంచంలోనే బాగా తక్కువ. గ్యాస్ మంటలు 1984 కల్లా ఆపాలని 1979లో చట్టం చేశారు. ఇప్పటికీ మండుతూనే ఉన్నాయి. చమురు ఒలికితే చూడ్డానికి 2006లో ఒక సంస్థ పెట్టారు, కానీ ఆ చోటికి పోవాలంటే కంపెనీ వాళ్లే తీసుకుపోవాలి. దొంగ బండెక్కి దొంగతనం విచారించడమంటే ఇదే కదా! ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011లో చెప్పింది: ఒగాలే దగ్గర జనం తాగే బావి నీళ్లలో బెంజీన్ ఉండాల్సిన దానికంటే 900 రెట్లు ఎక్కువట. అది క్యాన్సర్ తెచ్చే విషం.

అదే దేశంలో, ఒగోనీల కోసం మాట్లాడిన రచయిత కెన్ సారో వివాను, ఇంకో ఎనిమిది మందిని 1995 నవంబర్ 10న సైనిక ప్రభుత్వం ఉరి తీసింది. తనిఖీకి చాలని సర్కారు ఉరికి మాత్రం బాగానే సరిపోయింది.

నార్వే కూడా చమురు దేశమే, ప్రభుత్వం చాలా పెద్దది. అక్కడ గ్యాస్ ఊరికే తగలబెట్టనివ్వరు, 1991 నుంచే కార్బన్ పన్ను ఉంది. అయితే నార్వేని దేవుణ్ణి చేయొద్దు. వాళ్ల చమురు బయటి దేశాల్లో కాలి పొగే అవుతోంది. పైగా ఫోసెన్‌లో సామీ ఆదివాసులు రెయిన్‌డీర్లు మేపుకునే నేల మీద గాలిమరలు పెట్టారు. అది సామీల హక్కులకు విరుద్ధమని 2021లో వాళ్ల సుప్రీంకోర్టే తేల్చింది. తీర్పొచ్చాక కూడా మరలు తిరుగుతూనే ఉన్నాయి. గ్రీన్ పేరు చెప్పినా మేత పోయింది సామీలదే.

సర్కారు చిన్నదైనా పెద్దదైనా, అక్కడి జనం "వద్దు" అంటే ఆగే ఏర్పాటు ఉందా అనేదే నా ప్రశ్న. మనకు 1996 పీసా చట్టం ఉంది, 1997 సమత తీర్పు ఉంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు గ్రామసభ తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గర ఉందో అడగండి. అందులో మీ ఇంటివాళ్ల సంతకాలు ఏ తీర్మానం కింద ఉన్నాయో చూసి ఇక్కడ రాయండి.