జైలు రిజిస్టరులో మూడో గడి

కనిగిరి: కోర్టు రిమాండు విధించిన ముద్దాయి జైలు గేటు దాటగానే మొదట జరిగేది రాతపని. పేరు, తండ్రి పేరు, ఊరు, నేరం, ఆడా మగా అన్నీ రిజిస్టరుకెక్కుతాయి. ఆడా మగా అన్న గడిలో పడిన మాటను బట్టే ఖైదీని ఎక్కడ ఉంచాలి, ఒంటిమీద సోదా ఎవరు చేయాలి అన్నది నిర్ణయమవుతుంది. అడంగల్‌లో తప్పు పడితే దిద్దించుకోవడానికి రైతు ఎన్నాళ్లు తిరగాలో మన పల్లెల్లో తెలియనిది కాదు. జైలులో ఉన్నవారికి అలా తిరిగే వీలు కూడా ఉండదు. హిజ్రాలు ఆ తప్పు ఫలితాన్ని మొదటి రాత్రే అనుభవించాలి.

ఏటా జైళ్ల లెక్కలు ప్రకటించే జాతీయ నేర గణాంకాల సంస్థ 2019 సంవత్సరపు నివేదిక వరకు ఖైదీలను స్త్రీలు, పురుషులుగానే చూపింది. ట్రాన్స్‌జెండర్ల లెక్క వేరుగా చూపాలని ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడిన మీదట 2020 నివేదికలో మూడో వర్గం చేరింది. ఆ ఏడాది చివరకు దేశంలోని 4,88,511 మంది ఖైదీలలో వారు 70 మంది. అంకె చిన్నదే. అయినా లెక్కలో లేనివారికి గది గాని, మరుగుదొడ్డి గాని మంజూరు కావు.

అలాగని రిజిస్టరులో పేరు చేరితే మేలే జరుగుతుందని అనుకోవడానికి వీలులేదు. 1919లో నిజాం రాజ్యంలో వచ్చిన చట్టం హైదరాబాదులోని నపుంసకుల పేర్లు, నివాసాలు రిజిస్టరుకెక్కించింది. ఆడవేషంతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకునే అధికారం పోలీసులకిచ్చింది. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసింది 2023 జులైలో. మన వైపు స్టువర్టుపురం సంగతి అందరూ ఎరిగినదే. పోలీసు రిజిస్టరులో పేరున్న పాపానికి ఎరుకల కుటుంబాలు తరాల తరబడి దొంగలన్న ముద్ర మోశాయి.

జైలు రిజిస్టర్లలో కులం గడిని తీసివేయాలని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఖైదీలకు కులాన్ని బట్టి పనులు అప్పగించే ఆచారాన్ని ఆ తీర్పు రద్దు చేసింది. ఒక గడి తీసివేయమంటూ మరొకటి చేర్చమనడం ఏమిటని కొందరికి సందేహం రావచ్చు. కులం గడి పైవారు వేసే ముద్ర. మూడో గడిలో ఉండవలసింది ఖైదీ తన గురించి తాను చెప్పే మాట. తాము ఎవరో చెప్పుకునే హక్కు హిజ్రాలకుందని, శస్త్రచికిత్స జరిగి ఉండాలని పట్టుబట్టరాదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది.

దీనికి అనుగుణంగా కేంద్ర హోంశాఖ 2022 జనవరి 10న రాష్ట్రాలకు సూచనలు పంపింది. రిజిస్టరులోను, కంప్యూటరు లెక్కల్లోను మూడో వర్గం ఉండాలని, ఖైదీ కోరిన లింగానికి చెందినవారే సోదా చేయాలని, వేరుగా ఉంచినా ఏకాకిని చేయరాదని, వారి గుర్తింపును గోప్యంగా ఉంచాలని అందులో ఉంది. అయితే జైళ్లు రాష్ట్రాల అధికారంలోనివి. సూచన ఆచరణకు రావాలంటే రాష్ట్రం పూనుకోవాలి.

గోప్యత విషయంలో చిన్న జైళ్లకు అదనపు చిక్కు ఉంది. పెద్ద జైలులో అంకె అంకెగానే ఉంటుంది. పాతికమంది పట్టే సబ్‌జైలులో ‘ట్రాన్స్‌జెండరు ఒకరు’ అని ప్రకటిస్తే పేరు చెప్పినట్లే అవుతుంది. ఇంట్లో ఎన్నడూ చెప్పుకోని సంగతి ములాఖత్‌కు వచ్చిన అన్నకో, బాబాయికో తెలిసిపోతుంది. విడుదలయ్యాక ఆ మనిషి ఊరికి ఏ ముఖంతో వస్తాడు, లేక వస్తుంది? అందువల్ల లెక్కలను రాష్ట్రం మొత్తానికి కలిపి ప్రకటించి, పేరున్న పుటను పనిగల అధికారులు తప్ప ఇతరులు చూడకుండా కట్టుదిట్టం చేయాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. జైలుకు వెళ్లినంత మాత్రాన అది పోదు.

జైలు రాతకు మూలం కోర్టు వారంటు. కాబట్టి రిమాండు సమయంలోనే న్యాయమూర్తికి విన్నవించుకోవడం మంచిది. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది. వకీలుకు డబ్బు లేదని ఆ మాట చెప్పకుండా ఊరుకోనక్కరలేదు.