మా నాయన ఏకిన దూది

'తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా' అని ఓ సామెత. 'పింజారీ వెధవ' అని ఓ తిట్టు. సామెత చెప్పి సాయిబులూ నవ్వారు, హిందువులూ నవ్వారు. తిట్టు సినిమాల్లోకీ ఎక్కింది. మేం మాత్రం నవ్వలేకపోయాం. ఆ దూదేకులవాడూ, ఆ పింజారీ మా నాయనే.

మా నాయన పల్నాడు ఊళ్లలో నలభై ఏళ్లు దూది ఏకాడు. భుజాన విల్లు, చేతిలో కొయ్య గూటం. తెల్లారకముందే ఊరు దాటేవాడు. ఎవరింటి వసారాలోనో దూలానికి విల్లు వేలాడదీసి నారిని గూటంతో కొడుతుంటే టంగు టంగుమని వీధంతా మోగేది. గడ్డకట్టిన పాత దూది నురగలా పొంగేది. పెళ్లికూతురి పరుపు, బాలింత బొంత, ముసలాయన దిండు అన్నీ ఆయన చేతి మీదే. ఆ పరుపు లోపలి గదిలోకి పోయేది. ఏకినవాడు వసారా దాటేవాడు కాదు. ఊరు మెత్తగా పడుకుంది. మేం ఈతచాప మీద పడుకున్నాం.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమలూ మీసాలూ తెల్లగా ఉండేవి. చూసి నవ్వేవాళ్లం. ఆ దూదే ఊపిరితిత్తుల్లోకి పోతోందని ఆయనకూ తెలీదు, మాకూ తెలీదు. మిషన్లొచ్చి, ఫోము పరుపులొచ్చి విల్లు అటకెక్కేనాటికి దగ్గు మిగిలింది. ఆస్పత్రిలో టీబీ అన్నారు, తర్వాత కాదన్నారు. 'ఏం పని చేస్తావు?' అని ఒక్కరూ అడగలేదు. 2001లో పోయాడు.

పత్తి దుమ్ముతో వచ్చే జబ్బుకు బిసినోసిస్ అని పేరుందని తర్వాత చదువుకున్నాం. 1923 నాటి నష్టపరిహార చట్టం కింద వృత్తివ్యాధుల జాబితాలో అది చేరింది కూడా. కానీ పరిహారం ఇవ్వాలంటే యజమాని ఉండాలి. ఇంటింటికీ తిరిగి ఏకినవాడికి యజమాని ఎవరు? ఆ పరుపుల మీద పడుకున్న ఊరంతా కాదా?

ఇక మా ముసల్మానుతనం సంగతి. మసీదులో భుజం భుజం కలిపి నిలబడినవాళ్లే నమాజు అయ్యాక 'ఉర్దూ రాదు, మీరేం ముసల్మానులు?' అన్నారు. సంబంధం మాట ఎత్తితే మొహం తిప్పుకున్నారు. ఇస్లాంలో కులం లేదని ఉపన్యాసం చెప్పేవాళ్లను ఒక్కటే అడుగుతున్నాం: మా ఇంటి పిల్లను చేసుకుంటారా?

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చాక, 'సాయిబూ, ఈ పరుపు ఏకి పో' అని పిలిచిన వీధిలోనే 'మీ దేశం పొండి' అన్న మాట విన్నాడు మా నాయన. చుట్టుపక్కల ముప్ఫై ఊళ్లే ఆయన దేశం. నమాజుకు పనికిరాని మా ముసల్మానుతనం తిట్టడానికి మాత్రం బాగా పనికొచ్చింది.

1970 నుంచి వెనకబడిన తరగతుల జాబితా బి గ్రూపులో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని మా పేర్లున్నాయి. అయినా సర్టిఫికెట్ కోసం పోతే 'పేరు చూస్తే సాయిబు, కులం ఎక్కడిది?' అన్నారు. ముస్లింనని చెబితే కులం పోతుందట, కులం చెబితే మతం పోతుందట. రెండూ ఉన్నవాణ్ణి రాసుకోవడానికి వాళ్ల కాగితంలో చోటు లేదు.

అభ్యుదయవాదులారా, మీరూ వినండి. మీ సభల్లో బుర్రకథ మోగించిన పొన్నెకల్లు షేక్ నాజర్ మావాడే. 1986లో పద్మశ్రీ వచ్చింది. జనం తిట్టుగా వాడిన 'పింజారి' మాటనే ఆయన తన ఆత్మకథకు పేరుగా పెట్టుకున్నాడు. ఆయన పాటకు చప్పట్లు కొట్టినవాళ్లు ఆ పేరు ఎందుకు పెట్టుకున్నాడో ఆలోచించారా?

మేం జాలి అడగడం లేదు. ఆ తిట్టు మానండి. మసీదు కమిటీలో మాకూ చోటివ్వండి. దగ్గుతూ వచ్చినవాణ్ణి ముందు పనేమిటో అడగండి. యజమాని లేని పనివాడి జబ్బుకు సర్కారే పూచీపడాలి.

మేం ముస్లింలం. మేం దూదేకులవాళ్లం. ఒకటి వదులుకుంటేనే ఇంకోటి ఒప్పుకుంటామంటే కుదరదు. మా నాయన విల్లు ఇంకా ఇంట్లోనే ఉంది. నారి తెగింది గానీ, మేం దాన్ని అమ్మలేదు.